గ్యాస్ మాత్ర వేసుకుంటే చేతులెందుకు వణికాయి?

మారతహళ్ళి మల్లె · జనవరి 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విషయం కొంచెం పొడుగ్గా చెప్పవలసి వస్తోంది, ఓపిగ్గా చదవమని మనవి.

మా అమ్మగారికి అరవై ఎనిమిదేళ్ళు. దసరా వెళ్ళాక హిందూపురం నుంచి బెంగళూరులోని మా ఇంటికి వచ్చారు. ధనుర్మాసమంతా మా నాలుగో అంతస్తులోనే తలుపు ముందు ముగ్గు పెట్టారు. పదిహేను చుక్కల ముగ్గును మాటల్లో పడి కూడా తప్పులేకుండా వేసే మనిషి ఈసారి ఏడు చుక్కలకు దిగారు. గీత మొదట్లో బాగానే ఉండేది, పోను పోను చుక్కల మధ్య దూరం తగ్గిపోయి ముగ్గంతా ఒక మూలకు ముడుచుకుపోయేది. చలి వల్ల వేళ్ళు కొంకర్లు పోతున్నాయేమో అనుకున్నాను. తరవాత గ్లాసు పట్టుకున్న చెయ్యి వణకడం, అడుగులో అడుగు వేస్తున్నట్టు నడవడం గమనించాను. ముఖంలో ఏ భావమూ లేకపోతే, నా మీద కోపం వచ్చిందా అని రెండుసార్లు అడిగాను కూడా.

పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బేమోనని భయపడి నరాల డాక్టరు గారికి చూపించాము. ఆయన వేళ్ళు ఆడించమన్నారు, నడిపించి చూశారు. ఆ తరవాత, రోజూ వేసుకునే మందులన్నీ సంచితో సహా తీసుకురమ్మన్నారు. బి.పి. మాత్ర, కాల్షియం మాత్ర పక్కన పెట్టి, ఒక గ్యాస్ క్యాప్స్యూల్ పట్టీని చేతిలోకి తీసుకుని, "ఎన్నాళ్ళుగా?" అని అడిగారు. ఎనిమిది నెలలు. ఊళ్ళో డాక్టరు గారు పదిహేను రోజులకే రాశారట, తరవాత ఖాళీ పట్టీ చూపించి కొట్లో కొనుక్కుంటూ వచ్చారు. దాన్ని ఆపమని, ఆరు వారాల తరవాత రమ్మని చెప్పారు.

కడుపు కోసం వేసుకున్న మాత్రకూ చేతి వణుకుకూ ఏమిటి సంబంధం? డాక్టరు గారు "డోపమిన్‌ను అడ్డుకుంటుంది" అని ఒక్క మాట చెప్పి తరవాతి రోగిని పిలిచారు. దయచేసి ఎవరైనా వివరంగా చెప్పండి.

మందుల చీటీ · జనవరి 19, రాత్రి 10:25

అమ్మా, నేను బి.టి.ఎం. లేఅవుట్‌లో ఇరవై రెండేళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్నాను. మీరు పేరు చెప్పకపోయినా అది రాబెప్రజోల్‌తో లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్స్యూలై ఉంటుందని నా అనుమానం. అందులో మొదటిది ఆమ్లాన్ని తగ్గిస్తుంది, దానికీ వణుకుకూ సంబంధం లేదు. రెండోది, సాధారణంగా 75 మిల్లీగ్రాములు ఉంటుంది, పొట్టను త్వరగా ఖాళీ చేయించడానికి కలుపుతారు. మీ ఇంటి సమస్య ఆ రెండో సగానిది.

అది చీటీ మీదే అమ్మవలసిన మందు. కానీ కొనేవారి దృష్టిలో అది "గ్యాస్ మాత్ర", అంటే సోడా తాగినంత మామూలు వ్యవహారం. చీటీ అడిగితే, "నిద్రమాత్ర అడుగుతున్నానా?" అని నన్నే కసురుకున్నవారు ఉన్నారు. మా వృత్తివారి తప్పు లేదని నేను అనను. ఖాళీ పట్టీ చూసి కొత్త పట్టీ తెంపి ఇవ్వడం మాకందరికీ చేతికి అలవాటైన పని.

మారతహళ్ళి మల్లె · జనవరి 19, రాత్రి 10:41

మీరు చెప్పినది అక్షరాలా అదేనండీ. 75 అనే ఉంది.

విశ్రాంత అధ్యాపకుడు · జనవరి 20, ఉదయం 6:15

మల్లేశ్వరంలో స్థిరపడిన పాత జంతుశాస్త్ర ఉపన్యాసకుణ్ణి. ప్రశ్న బాగుంది కనుక కప్ప గుండె నుంచి మొదలుపెడతాను, విసుక్కోకండి.

నాడీకణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు. ఒకదాని కొసకూ రెండోదాని మొదలుకూ నడుమ మిల్లీమీటరులో యాభై వేలవ వంతు సందు ఉంటుంది. ఆ సందును కబురు ఎలా దాటుతుంది? విద్యుత్తు రవ్వలా దూకుతుందని కొందరు, ఏదో రసం ఊరి అవతలికి చేరుతుందని కొందరు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆటో లోవీ అనే శాస్త్రవేత్తకు ఒక రాత్రి కలలో ప్రయోగం తట్టింది. లేచి కాగితం మీద గీసి పడుకున్నాడు, పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మరునాటి రాత్రి మళ్ళీ అదే కల వచ్చింది, ఈసారి కాగితాన్ని నమ్మకుండా నేరుగా ప్రయోగశాలకు నడిచాడు. రెండు కప్ప గుండెలను ఉప్పునీటిలో కొట్టుకునేలా ఉంచి, మొదటిదానికి ఉన్న వేగస్ నాడిని ప్రేరేపించాడు, గుండె నెమ్మదించింది. ఆ గుండెను తడిపిన నీటిని తీసి, ఏ నాడీ లేని రెండో గుండెకు అందించాడు. అదీ నెమ్మదించింది. నీటిలోకి ఏదో దిగిందన్నమాట. ఇది 1921లో ప్రచురితమైంది. ఆ పదార్థం ఎసిటైల్‌కోలిన్ అని తరవాత తేలింది. 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు మీ ప్రశ్నకు పనికివచ్చే మెలిక చెబుతాను. గుండెను నెమ్మదింపజేసే ఆ ఎసిటైల్‌కోలినే మీ చేతి కండరాన్ని బిగింపజేస్తుంది. పదార్థం ఒక్కటే, ఫలితాలు ఒకదానికొకటి ఎదురు. ఎందుకంటే కబురులో అర్థం ఉండదు, దాన్ని అందుకునే గ్రాహకంలో, అంటే కణం మీది తాళం లాంటి అమరికలో ఉంటుంది. "మామయ్య వచ్చాడు" అన్న మాట విని ఒక ఇంట్లో పొయ్యి వెలిగిస్తారు, ఇంకో ఇంట్లో తలుపు గడియ పెడతారు.

ఇలాంటి మరో కబురు పదార్థమైన డోపమిన్ సంగతీ అంతే. పొట్ట గోడలో అది కదలికకు పగ్గం వేస్తుంది. మెదడు అడుగున వాంతి పుట్టించే చోట వాంతిని రేపుతుంది. పీయూష గ్రంథిలో ప్రొలాక్టిన్ అనే హార్మోను ఊరకుండా ఆపుతుంది. మెదడు నడిమి భాగాన స్ట్రయేటమ్ అనే చోట కదలికలకు సాఫీతనం ఇస్తుంది. లెవోసల్పిరైడ్ డోపమిన్ గ్రాహకాలలో డి2 అనే రకంలో కూర్చుని దానికి చోటు లేకుండా చేస్తుంది. పొట్టలో పగ్గం ఊడి ఆహారం కదులుతుంది, వికారం తగ్గుతుంది, అది మనం కోరుకున్నది. కానీ మింగిన మాత్ర రక్తంలో కలిశాక ఊరంతా తిరుగుతుంది. స్ట్రయేటమ్‌లో అయిదింట నాలుగు వంతుల డి2 గ్రాహకాలు మూసుకుపోతే బిగుసుకుపోవడం, వణుకు, నెమ్మదితనం బయటపడతాయని మనోవ్యాధుల మందుల మీద జరిగిన స్కాన్ పరీక్షలు చూపాయి. వయసు మీద పడినవారిలో ఆ గ్రాహకాలు ముందే తగ్గి ఉంటాయి. పైగా ఇది ఎక్కువగా మూత్రపిండాల ద్వారా బయటకు పోవలసిన మందు, ఆ వయసులో అవీ మందగిస్తాయి. అందుకని మనవడికి ఏమీ చేయని మోతాదే అమ్మమ్మకు ఎక్కువైపోతుంది.

చిన్నబోయిన ముగ్గు గురించి మీరు రాసినది చదివి కాసేపు ఆగిపోయాను. పార్కిన్సన్స్ లక్షణాలున్నవారి చేతిరాత పోను పోను చిన్నదవుతుందని పుస్తకాల్లో ఉంటుంది, ముగ్గులో కనిపించడం నేను వినలేదు. ఆ సంగతి మీ డాక్టరు గారికి తప్పక చెప్పండి.

బైటూ కాఫీ · జనవరి 20, ఉదయం 8:02

మాస్టారూ, గ్రాహకంలో కూర్చుని తలుపు తీయకుండా అడ్డుపడటం అంటే ఏమిటో సరిగ్గా అర్థం కాలేదు. కూర్చుంటే తలుపు తెరుచుకోవాలి కదా?

విశ్రాంత అధ్యాపకుడు · జనవరి 20, ఉదయం 8:50

మీ పేరులోనే జవాబు ఉంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన గ్రాహకాలకు తగిలేకొద్దీ మత్తుగా, నిద్ర వచ్చినట్టుగా ఉంటుంది. కెఫీన్ ఆకారంలో ఎడినోసిన్‌ను పోలినది కనుక ఆ తాళంలో దూరుతుంది, కానీ తిరగదు. తాళంలో విరిగిన తాళంచెవి ఇరుక్కుంటే అసలు చెవి ఎలా దూరదో అలాగే ఎడినోసిన్ బయటే నిలబడిపోతుంది. కాఫీ మనకు కొత్త శక్తి ఏమీ ఇవ్వదు, అలసట కబురును గుమ్మంలో ఆపుతుంది, అంతే. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది, కనుక సాయంత్రం ఆరు గంటల కాఫీలో సగం రాత్రి పదకొండుకు కూడా మీతోనే ఉంటుంది.

ఏకాదశినాడు కాఫీ మానిన పెద్దలు మధ్యాహ్నానికి తల పట్టుకుని కూర్చోవడం చూశారా? ఏళ్ళ తరబడి గుమ్మాలు మూసి ఉంచితే మెదడు కొత్త గుమ్మాలు పెడుతుంది. ఒకరోజు కాఫీ ఆగేసరికి అన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి, ఎడినోసిన్ మెదడు రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, తలనొప్పి వస్తుంది. ఉపవాసం వల్ల వచ్చిందని అనుకుంటారు.

తుంగభద్ర తీరం · జనవరి 20, మధ్యాహ్నం 1:30

చర్చ బాగుంది. ఒక్క సందేహం. వణుకుడు వాతానికి దూలగొండి గింజల చూర్ణం పాలలో ఇస్తారని మా తాతగారి కాలం నుంచి వింటున్నాను. ఆ గింజలో డోపమిన్ ఉంటుందని ఈ మధ్య అందరూ రాస్తున్నారు. మల్లె గారి తల్లిగారికి అది ఇస్తే త్వరగా తగ్గదా? ఇంగ్లీషు మందు చేసిన చెరుపును మన మందు బాగు చేస్తుంది కదా!

విశ్రాంత అధ్యాపకుడు · జనవరి 20, సాయంత్రం 5:20

తుంగభద్ర గారూ, మీరు విన్నది నిజమే, వేసిన లెక్క మాత్రం తప్పింది. లెక్క ఎక్కడ తప్పిందో చూడటంలోనే ఈ విషయమంతా ఉంది కనుక వివరంగా రాస్తాను.

దూలగొండి గింజలో ఉన్నది డోపమిన్‌గా మారగల ఎల్-డోపా అనే ముడిసరుకు. దాన్ని ఆ గింజ నుంచి వేరుచేసి 1937లో ప్రకటించినవారు మన పొరుగున మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో పనిచేసిన దామోదరన్, రామస్వామి. అప్పటికి దానికీ వణుకుకూ ఉన్న సంబంధం లోకానికి తెలియదు.

ఆ సంబంధాన్ని బయటపెట్టినది మరొక భారతీయ మొక్క, సర్పగంధి. పిచ్చికీ రక్తపు పోటుకూ దాని వేరు పనిచేస్తుందని 1931లో సేన్, బోస్ అనే ఇద్దరు మన వైద్యులు రాశారు. 1952లో స్విట్జర్లాండులో దాని నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. నాడీకణం తన కబురు పదార్థాన్ని చిన్న చిన్న సంచులలో నింపి దాచుకుంటుంది. రెసర్పిన్ ఆ నింపే పంపును ఆపుతుంది, సంచులు ఖాళీ అవుతాయి. 1957లో స్వీడనులో ఆర్విద్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రెసర్పిన్ ఇచ్చాడు, అవి చెవులు వాల్చి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. ఈ వరస పనులకే 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ బృందం పార్కిన్సన్స్‌తో మరణించినవారి స్ట్రయేటమ్‌లో డోపమిన్ బాగా తగ్గి ఉండటం చూసింది, 1967లో కోట్సియాస్ అనే వైద్యుడు ఎల్-డోపా కలిసి ఉన్న డోపాను పెద్ద మోతాదులో ఇచ్చి రోగులను నడిపించాడు. డోపమిన్‌నే నేరుగా ఇవ్వకపోవడానికి కారణం, రక్తానికీ మెదడుకూ నడుమనున్న కంచెను అది దాటలేదు, ఎల్-డోపా దాటుతుంది.

ఇప్పుడు మూడు ఇళ్ళు ఊహించండి. పార్కిన్సన్స్ ఇంట్లో ధాన్యం పండించేవారే పోయారు. రెసర్పిన్ ఇంట్లో గాదె ఖాళీ అయింది. ఈ రెండు ఇళ్ళకూ బయటి నుంచి ధాన్యం పంపితే వంట సాగుతుంది. మల్లె గారి తల్లిగారి ఇంట్లో గాదె నిండుగానే ఉంది, వంటింటి తలుపుకు ఎవరో అడ్డంగా కూర్చున్నారు. ఇంకో పది బస్తాలు వీధిలో దింపితే ఏం లాభం? అడ్డం కూర్చున్నవారిని లేపాలి. డాక్టరు గారు చేసినది అదే.

మన మందు, ఇంగ్లీషు మందు అన్న భేదం గ్రాహకానికి తెలియదు. దూలగొండి ఎక్కువైతే పొట్టలోనే డోపమిన్‌గా మారి వాంతులు తెస్తుంది. అందుకే ఎల్-డోపా మాత్రలో కార్బిడోపా కలుపుతారు, అది మెదడు బయట ఆ మార్పును ఆపుతుంది.

తుంగభద్ర తీరం · జనవరి 20, సాయంత్రం 6:05

ఒప్పుకుంటున్నాను. మా ఊళ్ళో ఇంకొకరికి ఇదే సలహా ఇచ్చి ఉన్నాను, ఇవాళే ఫోను చేసి ఏ మాత్రలు వాడుతున్నారో ముందు కనుక్కుంటాను.

మౌనవీణ · జనవరి 20, రాత్రి 11:48

ఈ వేదికలో నేను ఎక్కువగా చదువుతాను, తక్కువగా రాస్తాను. మల్లె గారిది కడుపు మందు మెదడుకెక్కిన కథ, నాది మెదడు మందు కడుపులో దిగిన కథ.

నాలుగేళ్ళ క్రితం డిప్రెషన్‌కు ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టారు. మొదటి వారం దిగులు ఏమీ తగ్గలేదు, అన్నం చూస్తే వికారం మాత్రం మొదలైంది. ఒంట్లో, ఈ మాత్ర ప్రభావం చూపే కబురు పదార్థమైన సెరటోనిన్‌లో సుమారు తొంభై శాతం పేగుల్లోనే ఉంటుందని తరవాత తెలిసింది. మాస్టారు చెప్పినట్టు మాత్ర ఊరంతా తిరుగుతుంది కదా.

నాకు అప్పుడు చెప్పిన మాట, "మీకు సెరటోనిన్ తక్కువైంది, ఈ మాత్ర నింపుతుంది." బండికి పెట్రోలు పోసినట్టు అనుకున్నాను. తరవాత చదువుకుంటే అది అంత సూటి సంగతి కాదని తెలిసింది. నా సెరటోనిన్‌ను ఎవరూ కొలవలేదు, కొలిచే పరీక్ష వాడుకలో లేదు కూడా. డిప్రెషన్‌కు సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో వచ్చిన ఒక విస్తృత సమీక్ష రాసింది, దాని మీద వాదోపవాదాలు కూడా జరిగాయి. మరి మాత్ర నాకు పనిచేసిందా అంటే, చేసింది. అయిదో వారంలో ఒక ఉదయం పాల ప్యాకెట్టు కోసం మెట్లు దిగుతూ, ఈ పని చేయడానికి నన్ను నేను బతిమాలుకోలేదే అని గమనించాను. గ్రాహకాల లెక్క ప్రకారం గంటల్లోనే పని మొదలవ్వాలి, మరి అయిదు వారాలెందుకు పట్టింది? మాస్టారిని అడుగుతున్నాను.

ఇంకొక మాట. బాగున్నాను కదా అని ఒకసారి నా అంతట నేనే ఆపేశాను. మూడో రోజుకు తల తిప్పినప్పుడల్లా లోపల కరెంటు తగిలినట్టు జివ్వుమనేది. మళ్ళీ డాక్టరు గారి దగ్గరకే వెళ్ళాను.

విశ్రాంత అధ్యాపకుడు · జనవరి 21, ఉదయం 6:30

మౌనవీణ గారూ, మీరు రాసినది నా పాఠాలకంటే విలువైనది.

వాడేసిన సెరటోనిన్‌ను విడుదల చేసిన కణమే మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. ఇలా తిరిగి లాక్కోవడం నాడుల్లో ఉందని మొదట నార్ఎడ్రినలిన్ అనే మరో కబురు పదార్థం విషయంలో చూపిన జూలియస్ ఆక్సెల్‌రాడ్ 1970లో నోబెల్ పొందినవారిలో ఒకడు. మీ మాత్ర ఆ లాక్కునే ద్వారాన్ని మూస్తుంది, సందులో సెరటోనిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. ఇది గంటల్లోనే మొదలవుతుంది. కానీ విడుదల చేసే కణానికి కూడా కాపలా గ్రాహకాలు ఉంటాయి, "బయట చాలా ఉంది, తగ్గించు" అని అవి వెంటనే పగ్గం లాగుతాయి. ఆ కాపలాదారులు అలసి వెనక్కి తగ్గడానికి వారాలు పడుతుంది. ఇది ఒక వివరణ. కణాల మధ్య కొత్త అతుకులు ఏర్పడటానికి పట్టే కాలం అన్నది ఇంకొకటి. రెంటిలోనూ నిజం ఉందని నా అభిప్రాయం. ఏదైనా, ఖాళీ సీసా నింపడం అన్న పోలిక మాత్రం తరగతిలో నేను కూడా చెప్పాను, ఇప్పుడైతే చెప్పను.

హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక, నాడీ వైద్య సంస్థ ఆవరణలో మెదడు ప్రదర్శనశాల ఉంది, నిజమైన మెదడును చేతిలోకి తీసుకుని చూడవచ్చు. మెదడు కాండం మీదుగా అడ్డకోత కోస్తే రెండు పక్కలా నల్లని చార కనిపిస్తుంది, డోపమిన్ తయారయ్యేది అక్కడే. పార్కిన్సన్స్‌లో ఆ నలుపు వెలిసిపోతుంది. మందు వల్ల వచ్చిన వణుకులో ఆ చార చెక్కుచెదరదు, మందు ఆపితే ఎక్కువమందికి వారాలలోనో నెలలలోనో తగ్గుతుంది. తగ్గకపోతే, లోపల మెల్లగా మొదలవుతున్న అసలు జబ్బును మందు ముందుగా బయటపెట్టిందేమోనని స్కాన్ చేసి చూస్తారు. అందుకే ఆరు వారాలకు రమ్మన్నది.

నిర్వాహకులు · జనవరి 21, ఉదయం 9:10

ఈ చర్చ చదివి ఎవరూ తమ మాత్రలను సొంతంగా ఆపవద్దు, మోతాదు మార్చవద్దు. మనసు బాగోలేనివారు 14416 టెలీ మానస్‌కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మారతహళ్ళి మల్లె · మార్చి 6, రాత్రి 9:15

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఆరు వారాలు నిండాయి. మూడో వారం దాకా ఏ మార్పూ లేదు, నాకు నిరాశే కలిగింది. తరవాత ముందుగా ముఖం తిరిగి వచ్చింది. మా అబ్బాయి చెప్పిన పిచ్చి జోకుకు అమ్మ నవ్వితే ఇల్లంతా ఆగి చూసింది. పెదవి దగ్గర వణుకు పోయింది. కుడి చేతిలో కొంచెం మిగిలి ఉంది. డాక్టరు గారు ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు. ముగ్గు సంగతి చెబితే, రోజూ ఫోటో తీసి ఉంచమన్నారు. నిన్నటిది పదకొండు చుక్కలు, చివరి వరస కాస్త వంకర.

మందుల చీటీ గారికి ఒక ప్రశ్న. నాన్నగారు హిందూపురంలోనే ఉన్నారు. తల తిరుగుతుందని రెండేళ్ళుగా ఒక మాత్ర వేసుకుంటున్నారు. పట్టీ ఫోటో తెప్పించుకుని చూశాను. సినారిజిన్ 20, డైమెన్‌హైడ్రినేట్ 40 అని ఉంది. ఇందులో భయపడవలసినది ఏమైనా ఉందా?

మందుల చీటీ · మార్చి 6, రాత్రి 9:50

ఉందమ్మా. సినారిజిన్‌కు కూడా డోపమిన్ గ్రాహకాలను మూసే గుణం ఉంది. తల తిరుగుడుకు వాడే ప్రోక్లోర్‌పెరజైన్, పార్శ్వపు నొప్పికి వాడే ఫ్లూనరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ కూడా ఇదే కోవలోవి. కొద్దిరోజులకు వాడితే చాలామందికి ఏమీ కాదు, పెద్దవారు ఏళ్ళ తరబడి వాడటమే చిక్కు. మీరే ఆపించకండి, ఆ పట్టీని డాక్టరు గారికి ఈ వారంలోనే చూపించండి. ఈలోగా ఆయన నడుస్తున్నప్పుడు ఎవరిచేతనైనా వీడియో తీయించి, రెండు చేతులూ సమానంగా ఊగుతున్నాయో లేదో చూడండి.

మారతహళ్ళి మల్లె · మార్చి 7, ఉదయం 7:30

పక్కింటి కుర్రాడు తీసి పంపాడు. కుడి చెయ్యి బాగానే ఊగుతోంది. ఎడమ చెయ్యి సంగతి చెప్పలేను, ఆ చేత్తో పాల సంచి పట్టుకున్నారు. శనివారానికి బస్సు టికెట్టు తీశాను, ఆయనే ఇక్కడికి వస్తున్నారు. మందులన్నీ సంచితో సహా తెమ్మన్నాను.